ఏడో భాగానికి మూడు టికెట్లు

ఆదివారం పొద్దున్న ఎనిమిదిన్నర కూడా కాలేదు. కిషన్ రావు ఇస్త్రీ చొక్కా తొడుక్కుని, తల దువ్వుకుని, సుబేదారిలోని తన ఇంటి హాల్లో అటూ ఇటూ తిరుగుతున్నాడు. భార్య శోభారాణి ఉప్మా ప్లేటు చేతికిస్తూ నవ్వింది.

"పెండ్లి చూపులకు పోయేటోని లెక్క తయారైనవ్. సినిమా పదకొండింటికి గదా?"

"నాకు సినిమా ఫికర్ లేదే. పిల్లలిద్దరు ఒకరి మొఖం ఒకరు చూసి ఎనుకకు పోతరేమోనని ఫికరు."

ఆ సినిమా పేరు శూన్యయాత్ర. భూమిని వదిలి కొత్త లోకం వెతుక్కుంటూ పోయే ఓడ కథ, తెలుగులోకి మార్చిన ఇంగ్లిషు సినిమా. మొదటి భాగం వచ్చినప్పుడు కొడుకు ఉదయ్‌కి పదకొండేళ్లు, కూతురు పద్మలతకి ఎనిమిది. హన్మకొండలో స్టీలు సామాన్ల దుకాణం నడిపే కిషన్ రావు ఆ మధ్యాహ్నం షట్టరు దించి మరీ ఇద్దర్నీ తీసుకెళ్లాడు. తలనొప్పి సినిమా అని శోభారాణి అప్పుడే దండం పెట్టేసింది. ఆ తర్వాత మూడు నాలుగేళ్లకొక భాగం వచ్చింది. ఆరు భాగాలూ ఆ ముగ్గురే కలిసి చూశారు. పెళ్లయి నెక్కొండ వెళ్లిపోయాక కూడా ఆరో భాగానికి పద్మలత రైలెక్కి వచ్చింది. ఇప్పుడు వచ్చింది ఏడోది, ఆఖరిది.

కాని అన్నాచెల్లెళ్లకు పద్నాలుగు నెలలుగా మాటల్లేవు. కిషన్ రావుకు హైదరాబాదులో గుండె ఆపరేషన్ జరిగినప్పుడు పద్మలత ఏడో నెల గర్భిణి. ఆమెకెవరూ చెప్పలేదు. మూడు రోజుల తర్వాత, వాళ్ల దుకాణంలో బిందె కొనుక్కొచ్చిన నెక్కొండ ఆవిడ, "మీ బాపుకు ఇప్పుడెట్లున్నది?" అని అడిగితే తెలిసింది. దాచింది అన్నేనన్న కోపంతో అప్పట్నుంచీ పద్మలత, అతను దుకాణంలో ఉన్న వేళ చూసుకుని పుట్టింటికి వచ్చి, అతను రాకముందే వెళ్లిపోతోంది.

అందుకే కిషన్ రావు ఇద్దరికీ విడివిడిగా ఒకే మాట చెప్పాడు. "నువ్వు, నేనే పోదాం. సీదా సినిమా హాలు కాడికి రా."

బాబును అత్తగారి దగ్గర వదిలి పద్మలత ముందే వచ్చింది. దుకాణం నుంచి నేరుగా వచ్చి బండి నిలుపుతున్న అన్నను చూడగానే ఆమె ముఖం బిగుసుకుపోయింది.

"బాపూ, గిదేంది?"

"సినిమానే బిడ్డా. మూడు టికెట్లు తీస్కున్న. జర నా కోసం కూసోండ్రి."

ఆయన నడుమ కూర్చున్నాడు. సినిమా మొదలైంది. ఉదయ్ ఆయన కుడి చెవిలో, "కెప్టెన్‌కు గా విగ్గేంది బాపూ?" అని గుసగుసలాడాడు. పద్మలత ఎడమ చెవిలో, "గ్రాఫిక్స్ బొమ్మల లెక్కున్నయ్" అంది. కిషన్ రావు ఇటుది అటు, అటుది ఇటు మోస్తూ కూర్చున్నాడు. అరగంట గడిచాక, ఆరు భాగాల్లో అందరినీ నవ్వించిన గుండు అనే రోబో పాడైపోయిందని ఎవరో ఒక్క ముక్కలో చెప్పి ముందుకు సాగారు.

"గుండు సచ్చిపోయిండా?" అన్నాచెల్లెళ్లు ఒక్కసారే అరిచారు. ముందు వరుసవాళ్లు తిరిగి చూశారు.

చివర్లో ఇంకా ఘోరం. ఆ ఓడ అసలు భూమి మీంచి లేవనేలేదట! అందరూ ఒక గదిలో నిద్రపోతున్నారట. హాలంతా గోల.

బయటికి రాగానే ఉదయ్ తల పట్టుకున్నాడు. "ఇరవై ఏండ్లు తిప్పి తిప్పి ఆఖరికి గిదా?"

"ఆ కెప్టెన్‌కు మొదట్నుంచి తెలుసట!" పద్మలత అందుకుంది. "అందరికాడ దాసిండట. మీ మంచికే అంటాండు. ఎవలడిగిన్రు మంచి చెయ్యమని?"

ఆ మాట అంటుండగానే ఆమె గొంతు మారింది. చాన్నాళ్ల తర్వాత అన్న కళ్లలోకి సూటిగా చూసింది.

"నువ్వు గట్లనే చేసినవ్ గదన్నా. బాపు గుండె కోస్తాంటే నాకు చెప్పలే. బిందె కొననీకి వచ్చినామె చెప్పాల్నా నాకు? నేను ఈ ఇంటి బిడ్డను కానా?"

ఉదయ్ తల దించుకున్నాడు. "తప్పేనే చెల్లె" అన్నాడు, అంతే. అతని చెవులు ఎర్రబడ్డాయి. కిషన్ రావు ఇక తట్టుకోలేకపోయాడు.

"వాడు చెప్తనన్నడు బిడ్డా. ఫోన్ చేతిల పట్టుకున్నడు. నేనే గుంజుకున్న. చెల్లెకు చెప్తే నా మీద ఒట్టే అన్న."

పద్మలత నమ్మలేనట్టు చూసింది. "మరి ఇన్నొద్దులు ఎందుకు చెప్పలే బాపూ?"

"భయమైంది. నీ కోపం వాని మీదకు పోయింది. అది నా దిక్కు మళ్లితే నువ్వు ఇంటికే రావేమోనని..." ఆయన కొడుకు భుజం మీద చెయ్యి వేశాడు. "తప్పు నాది. మాట పడ్డది వాడు."

పద్మలత అన్న వైపు తిరిగింది. "నువ్వైన చెప్పొద్దా?"

"ఒట్టు పెట్టిండు గదనే. గుండె పేషెంటాయె."

ఆమె ఏడుస్తూనే అతని భుజం మీద రెండు దెబ్బలు వేసింది. "పద్నాలుగు నెలలు! రాఖీకి గూడ రాలే నేను, మొద్దోడా!"

"ఏడ్వకే. అందరు చూస్తాన్రు. సినిమా చూసి ఏడుస్తానవనుకుంటరు" అన్నాడు ఉదయ్ కళ్లు తుడుచుకుంటూ. ఏడుపు మధ్యలోనే ఆమెకు నవ్వొచ్చింది.

ముగ్గురూ కలిసి ఇంట్లోకి రావడం చూసి శోభారాణి గబగబా ఇంకో రెండు ప్లేట్లు పెట్టింది. అన్నం తింటున్నంతసేపూ అన్నాచెల్లెళ్లు సినిమాను ఏకిపారేశారు. గుండును బతికించారు, కెప్టెన్‌ను ఇంటికి పంపారు, ఓడను కొత్త లోకంలో దింపారు. చేతులు కడుక్కుంటూ పద్మలత తండ్రికి వేలు చూపించింది.

"బాపూ, ఇగ ఏది దాయొద్దు. ఇప్పుడే చెప్పు, ఇంకేమన్న ఉన్నదా?"

కిషన్ రావు కాసేపు నసిగాడు. "మోకాలు నొస్తాంది. పది రోజులాయె."

"పది రోజులా!" ఇద్దరూ ఒక్కసారే ఇంతెత్తున లేచారు.

"రేపే దవాఖానకు తోల్కపోతా" అన్నాడు ఉదయ్.

"నువ్వు పోతే మల్ల నాకు చెప్పవు. నేనే తోల్కపోత."

"దుకాణం బంద్ పెట్టి వస్త, ఇద్దరం పోదాం తియ్!"

ఆ గొడవ మధ్యలో శోభారాణి భర్త పక్కన కూర్చుని మెల్లగా అడిగింది. "ఇంతకూ సినిమా ఎట్లున్నదయ్యా?"

"గంత చెత్త సినిమా నా జన్మల చూడలే" అన్నాడు కిషన్ రావు. తడిసిన కళ్లను చేతిగుడ్డతో ఒత్తుకుంటూ, ఎన్నో రోజుల తర్వాత ఇల్లంతా వినబడేలా నవ్వాడు.