ద్వారబంధం మీది గీతలు

డాక్టర్ ఆశాజ్యోతి అడిగిన మొదటి ప్రశ్నకే దేవీప్రసాద్‌కు చిర్రెత్తుకొచ్చింది. అన్న కూతురు హేమశ్రీ ఎత్తుపళ్ళు చూపిద్దామని గాజువాక క్లినిక్‌కి తీసుకొస్తే, పాప ఈమధ్య ఎంత పొడుగయిందని అడుగుతుందేమిటి?

"పళ్ళకీ పొడుగుకీ ఏటండి సంబంధం? పదో తరగతి అయ్యాక క్లిప్పులేయిద్దామని మా ఇంట్లో అనుకున్నారు."

"పళ్ళది కాదండీ, కింది దవడ వెనకబడింది. ఒళ్ళు జోరుగా ఎదిగే రోజుల్లోనే ప్లేట్లు పెట్టి దాన్ని ముందుకు తేవడం తేలిక. పదో తరగతికి ఆ టైము దాటిపోతుంది."

ఆ టైమెప్పుడో తెలియడానికి మణికట్టు ఎక్స్‌రే రాసింది. అతనికి మాత్రం ఇంకో సంగతి తట్టింది.

దువ్వాడలో వాళ్ళింట్లో ఓ అలవాటుంది. తండ్రికి స్టీల్ ప్లాంటు జీతం వచ్చినప్పుడల్లా తల్లి రామలక్ష్మమ్మ పిల్లల్ని ద్వారబంధానికి ఆనించి, నెత్తిమీద స్కేలు పెట్టి పెన్సిల్ గీత గీసి, పక్కన వయసు రాసేది. ఇప్పుడు దేవీప్రసాద్ జీతం రోజున మనవరాలికి గీస్తోంది. ఇంటికి ఎన్నిసార్లు రంగులేయించినా ఆ ద్వారబంధం జోలికి ఎవర్నీ రానివ్వలేదు.

మర్నాడు అతని ఫోన్లో ఆ ద్వారబంధం ఫొటో చూసి ఆశాజ్యోతి కుర్చీలో ముందుకు జరిగింది. రెండేళ్ళపాటు ఒకదాన్నొకటి ఒరుసుకున్న హేమశ్రీ గీతలు ఈ ఐదు నెలల్లో దూరం దూరంగా పడ్డాయి. ఎక్స్‌రే కూడా అదే చెప్పింది. ఇప్పుడే మొదలుపెట్టాలంది. తర్వాత ఆమె వేలు పక్కకి జరిగింది.

"ఈ పాత గీతలెవరివి?"

"నావేనండి."

"పద్నాలుగో ఏట ఇంత ఎదిగారా? అప్పుడు దవడ గురించి ఎవరూ చెప్పలేదా?"

అతను అలవాటుగా నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు. అతనిదీ అదే దవడ. "సెప్పినోళ్ళు లేరండి. నవ్వినోళ్ళే ఉన్నారు."

ఆమె నవ్వలేదు. అది అతనికి చాలా రోజులు గుర్తుంది.

ఇక నెలనెలా రావడమే. ప్లేట్లతో హేమశ్రీ మొదట్లో నత్తినత్తిగా మాట్లాడింది. దేవీప్రసాద్‌కి ఏ ప్లేట్లూ లేకపోయినా డాక్టరు ముందు మాట తడబడేది. షర్టు మాత్రం ఇస్త్రీ నలిగేది కాదు. దవడ ఎలా పెరుగుతుంది, ఎప్పుడు ఆగుతుంది అని అతని ప్రశ్నలకు అంతుండేది కాదు. ఆమెకూ అవి ఇష్టమే కాబోలు, వాళ్ళకెప్పుడూ ఆఖరి అపాయింట్‌మెంటే ఇచ్చేది.

ఏడాది తిరిగేసరికి పై పళ్ళూ కింది పళ్ళూ కలిశాయి. ఇక ఆర్నెల్లకోసారి వస్తే చాలని ఆమె అంది. అతను హేమశ్రీని బయట కూర్చోబెట్టి మళ్ళీ లోపలికి వచ్చాడు.

"ఆర్నెల్లు నాను ఆగలేనండి. మీరంటే నాకు ఇష్టం. నా దవడైతే ఇలాగే ఉంటాది మరి."

"చెయ్యి అడ్డం లేకపోతే మీ నవ్వు బావుంటుంది." ఆమె మెల్లగా గ్లవ్స్ తీసింది. "నాకూ ఇష్టమే. కానీ ముందు ఆ ద్వారబంధం చూడాలి."

అతను ఇంట్లో అంతా చెప్పేశాడు. జీతం రోజున ఆమె వచ్చింది. రామలక్ష్మమ్మ మనవరాలికి గీత గీసి, పెన్సిల్ పట్టుకునే ఇటు తిరిగింది.

"బేగు అక్కడెట్టి ఇలా నిలబడమ్మా."

"నేనింక పెరగనండీ."

"తెలుసులేమ్మా. మా ఇంట్లో మనిసికి గీత ఉండాల కదా. మడమలెత్తకు."

ఆశాజ్యోతి ద్వారబంధానికి ఆనుకుని నిటారుగా నిలబడింది. ఆమె నెత్తిమీద స్కేలు పట్టుకున్న దేవీప్రసాద్ నవ్వుతున్నాడు, అతని రెండు చేతులూ స్కేలు మీదే ఉన్నాయి.