ఓడ కదిలాక తల్లి అన్న మాట

"నన్ను దొంగంటున్నారండీ!" అంటూ ఆవిడ గుమ్మంలోనే ఏడ్చేసింది.

ఆ డిటెక్టివుని ఊళ్ళో అందరూ భూతద్దంగారు అంటారు. ఆయన దగ్గర భూతద్దం లేదు సరికదా, మామూలు కళ్ళజోడు కూడా లేదు. ఉన్నదల్లా ఒక గుమాస్తా. రిటైరై ఇంట్లో తోచక ఈయన దగ్గర చేరిన ఆ పెద్దమనిషికి డిటెక్టివంటే దేవుడితో సమానం. ఆ గుమాస్తాయే మంచినీళ్ళిచ్చి ఆవిడని కూర్చోబెట్టాడు.

ఆవిడ పని చూపులేనివాళ్ళకి పుస్తకాలు చదివిపెట్టడం. రెండు నెలలుగా ఒక రిటైర్డ్ జడ్జిగారికి మధ్యాహ్నాలు చదువుతోంది. పన్నెండేళ్ళ క్రితం ఆయన చూపు పోయినప్పటినుంచీ భార్యే చదివేదట. ఆవిడ గొంతు పాడై డాక్టరు వద్దన్నాక ఈవిడని పెట్టుకున్నారు. జడ్జిగారికి కొత్త పుస్తకాలు గిట్టవు. పాత నవలల్లో తనకి నచ్చిన అధ్యాయాలే మళ్ళీ మళ్ళీ కావాలి.

"సోమవారం పదిహేడో అధ్యాయం చదవమన్నారండీ. కొడుకు ఓడెక్కి వెళ్ళిపోతాడు, తల్లి రేవులో నిలబడుతుంది. అక్షరం వదలకుండా చదివాను. ఓడ కదిలాక తల్లి అనే మాటేదీ, మింగేశావా అని గయ్యిమన్నారు. అక్కడ తల్లి ఏమీ అనదండీ! రేపు మళ్ళీ చదువు, ఒళ్ళు దగ్గర పెట్టుకుని చదువు అన్నారు. మర్నాడు చూస్తే ఆ అధ్యాయమే లేదు. ఎవరో బ్లేడుతో కోసేశారు. తప్పు బయటపడకుండా నేనే కోశానట! ఇంకో మూడిళ్ళలో చదువుతున్నాను. దొంగన్న పేరొస్తే ఎవరైనా గుమ్మం తొక్కనిస్తారా?"

డిటెక్టివు చెప్పులేసుకున్నాడు.

జడ్జిగారి ముందుగదిలో పడక్కుర్చీ, అద్దాల బీరువా, కిటికీ దగ్గర కుట్టుమిషను ఉన్నాయి. జడ్జిగారు తీర్పు చెప్పేసిన మొహంతో ఉన్నారు. భార్య మిషను దగ్గర కూర్చుంది. ఆవిడ తమ్ముడు బీరువాని ఆనుకుని నిలబడ్డాడు. పాత పుస్తకాలంటే పడిచచ్చే మనిషట. గుమాస్తా మనసులో అతన్ని అప్పుడే జైల్లో పెట్టేశాడు.

డిటెక్టివు పుస్తకం విప్పి చూశాడు. దారంతో కుట్టిన పుస్తకం కాబట్టి, కొన్ని కాగితాలు కోస్తే వాటి జత కాగితాలు ఊడిపోతాయి. ఊడినవాటిని ఎవరో జిగురు రాసి, అంచులు కలిపి, పొందిగ్గా అతికించారు.

"పుస్తకమంటే ప్రాణం ఉన్నవాళ్ళ పని ఇది," అన్నాడు డిటెక్టివు.

"అయితే బావగారి పుస్తకాన్ని నేను కోశానంటారా?" అని తమ్ముడు ఎగిరిపడ్డాడు.

"నేనేమీ అనలేదే! జడ్జిగారూ, ఆ తల్లి మాట మీకు గుర్తుందా?"

"గుర్తుండకేం? ‘చెయ్యి ఊపకు బాబూ. ఊపితే నువ్వు వెళ్తున్నావని నమ్మాలి.’ రాసినవాడి చేతులకి దండం పెట్టాలయ్యా!"

ఆయన ఆ మాట చెబుతున్నంతసేపూ మిషను దగ్గర భార్య పెదవులు కదిలాయి. గుమాస్తా కూడా చూశాడు. కంఠతా వచ్చినవాళ్ళకి మామూలే అనుకున్నాడు. డిటెక్టివు అతని చెవిలో ఏదో చెప్పి లైబ్రరీకి తరిమాడు.

గంటలో గుమాస్తా రొప్పుతూ తిరిగొచ్చాడు. అదే నవల, అదే అచ్చు. డిటెక్టివు అందరినీ కూర్చోమని, చదివే ఆవిడ చేతికే పుస్తకమిచ్చి ఆ పేజీ చదివించాడు. ఓడ కదిలింది. తల్లి ఏమీ అనలేదు.

"ఈవిడ మింగింది లేదు. కోయాల్సిన అవసరమూ లేదు. లైబ్రరీ పుస్తకం చూపిస్తే గెలిచేది ఈవిడే కదా," అన్నాడు డిటెక్టివు. "తమ్ముడుగారికి కావాలంటే పుస్తకమంతా పట్టుకుపోయేవారు. మరి పుస్తకంలో లేని మాట మీ చెవికెలా చేరింది జడ్జిగారూ? పన్నెండేళ్ళు మీకు చదివింది ఒక్కరే. మళ్ళీ చదివితే ఆ మాట లేదని తేలిపోతుంది. అందుకే ఆ రాత్రే కాగితాలు పోయాయి."

"మిషను సొరుగులో ఉన్నాయి," అంది భార్య. బొంగురు గొంతు. "మొదటిసారి దగ్గొచ్చి వరస తప్పింది. నోటికొచ్చింది అనేశాను. మీరు కళ్ళు తుడుచుకుని ఆ రాసినాయనకి దండం పెట్టారు. నా మాటకి పన్నెండేళ్ళు ఆయనకే దండాలు! సవతిమీదయినా అంత కుళ్ళు ఉండదేమో. పోనీలే, నా నోటితోనే కదా వింటున్నారు అని సరిపెట్టుకున్నాను. సోమవారం దాన్ని ఇంకో ఆడదాని గొంతులో వెతికారు. ఓర్చుకోలేకపోయాను. నీకు పెద్ద అన్యాయం చేశానమ్మా."

చివరి మాట చదివే ఆవిడతో అంది. జడ్జిగారి మొహం కందిపోయింది.

"కుళ్ళు నీకొక్కదానికేనా? ఆ మాట దగ్గరికొచ్చేసరికి నీ గొంతు వణికేది. నా పేరు పిలిచినప్పుడు ఏనాడూ వణకని గొంతు! ఎప్పుడో పోయిన రచయిత మీద నీకింత ప్రేమేమిటని నేను కుమిలిపోయాను. అయినా ఆ వణుకు కోసమే మళ్ళీ మళ్ళీ చదివించుకున్నాను."

"ఆయనెవరండీ నాకు?" భార్య లేచి నిలబడింది. "కళ్ళ ఆపరేషనుకి మిమ్మల్ని బండిమీద లోపలికి తోసుకెళ్తున్నప్పుడు, నన్ను చూసి నవ్వుతూ చెయ్యి ఊపారు. నన్ను మీరు చూడ్డం అదే ఆఖరు. ఆ రోజు అనలేకపోయిన మాటండీ అది."

జడ్జిగారు తల తిప్పారు, భార్య వైపు కాదు, చదివే ఆవిడ వైపు.

"తప్పు తీర్పు చెప్పానమ్మా, క్షమించు. ఇవాళ చదువు వద్దు. రేపు రా."