పొయ్యి సెగ అనుకున్నాం

అంత వేగంగా రాయకు బంగారూ, ఈ తాతయ్య నెమ్మదిగానే చెబుతాడు. పొద్దున జరిగినదాంతో మొదలుపెట్టు.

మనది పదిమందికీ వండి పంపే ఇల్లు. ఏ గిన్నె దించినా ముందు రుచి చూసేది మీ అమ్మే. అందుకే కడుపునొప్పంటే, రుచులు చూసీ చూసీ వేడి చేసిందన్నాం. బుగ్గలు కందితే పొయ్యి సెగన్నాం. వేళ్ళు పట్టేస్తే గరిటె తిప్పుడన్నాం. ప్రతి నొప్పికీ మన వంటింట్లోనే ఒక సాకు దొరికేది.

ఇవాళ గరిటె వదిలేసి మళ్ళీ వాంతి చేసుకుంది. మీ నాయనమ్మకి ఒళ్ళు మండింది.

"ఆర్డరు నెత్తి మీదుంటేనే వస్తుందేం నీ నొప్పి? నా వంట పడట్లేదా, నేను పడట్లేదా?"

"రెండూ పడుతున్నాయి అత్తయ్యా. మంచినీళ్ళే పడట్లేదు," అంటూనే మీ అమ్మ కూలబడిపోయింది.

మీ నాన్న ఎత్తుకుని ఆసుపత్రికి పరిగెత్తాడు. పొట్ట ఉబ్బి రాయిలా ఉంది. అపెండిక్స్ కావచ్చు, కోయాల్సి రావచ్చు అన్నాడు ఆపరేషన్ డాక్టరు. స్కాను తీస్తే అపెండిక్స్ బాగానే ఉంది. పేగులే వాచిపోయి, వలయంలో వలయంలా కనిపించాయి. అప్పుడొచ్చింది ఇంకో డాక్టరమ్మ. పొట్ట నొక్కి చూసి, మొహం కేసి చూసింది.

"ఈ ఎరుపు ఎప్పట్నుంచి?"

"అది పొయ్యి సెగమ్మా," అంది మీ నాయనమ్మ.

"మీరూ పొయ్యి దగ్గరే ఉంటారుగా. మీ బుగ్గలకి లేదేం?"

 మీ నాయనమ్మ తన బుగ్గలు తడిమి చూసుకుంది.

రక్తం, మూత్రం పరీక్షలొచ్చాక డాక్టరమ్మే చెప్పింది. లూపస్ అట. ఒంటిని కాయాల్సిన శక్తే ఒంటి మీద పడుతుందట. చర్మం, కీళ్ళు అయిపోయి ఇప్పుడు పేగుల రక్తనాళాల్లో దూరింది. ఇంకాస్త ఆగితే పేగు కుళ్ళేదట. ప్రస్తుతానికి కోత అక్కర్లేదు, స్టెరాయిడ్ ఎక్కిస్తూ కనిపెట్టి చూస్తామంది.

"అయితే ఇన్నాళ్ళూ నిజంగానే నొప్పా?" అంది మీ నాయనమ్మ. ఆ గొంతు నేనెప్పుడూ వినలేదు.

"నిజమే అమ్మా. చాలా నొప్పి."

సాయంత్రానికి మీ అమ్మ కళ్ళు తెరిచింది. మీ నాయనమ్మ మాత్రం గదిలోకి పోలేదు. ఏ మొహం పెట్టుకుని పోను అంటూ ఆసుపత్రి మెట్ల మీదే కూర్చుంది. నేను పిలిచినా కదల్లేదు.

అయిందా రాయడం? ఇది పట్టుకెళ్ళి మీ అమ్మకి చదివి వినిపించు తల్లీ. ఓపికుంటే ఒక్కసారి "అత్తయ్యా" అని పిలవమను.