మార్చి కట్ట

ఉదయం 11:20కి ఫైలు కనబడలేదన్నారు. 11:45కి ఇన్‌స్పెక్టర్ వచ్చాడు. 11:46కి ఎందుకొచ్చానా అనుకున్నాడు.

స్టేషన్లో రెండు చోరీ కేసులు, ఒక యాక్సిడెంట్ కేసు మూలుగుతున్నాయి. ఇక్కడ పోయింది యాభై నాలుగేళ్ళ నాటి అట్ట ఫైలు. అదీ, మూసేసిన పిల్లల హాస్టల్లో. కొండను తవ్వి ఎలుకను పట్టడమంటే ఇదే. ఆ ఎలుకైనా దొరుకుతుందన్న నమ్మకం లేదు.

"రేపు పొద్దున్న లారీ వస్తుంది సార్. ఈ కాగితాలన్నీ మిల్లుకి పోతాయి," అన్నాడు రికార్డు గుమాస్తా.

"అంటే ఇవాళ దొరక్కపోతే ఇక లేనట్టే. ఎవరిదా ఫైలు?"

"నాదే," అంది ఫిర్యాదు చేసిన నర్సు. యాభై ఎనిమిదేళ్ళ మనిషి. ఏడుపు కాదు, కోపం ఆపుకుంటోంది. "మా నాన్న పోయాక అమ్మ నన్ను ఇక్కడ పడేసింది. నాకప్పుడు నాలుగేళ్ళు. అన్నయ్యకి పదేళ్ళు. అన్నయ్యని ఉంచుకుంది, నన్ను వదిలేసింది. ఎందుకని ఏనాడూ చెప్పలేదు. పోయిన నెల ఆవిడా పోయింది. ఇక చెప్పాల్సింది ఆ కాగితాలే."

గదిలో ఉన్నది నలుగురు. నర్సు, ఆమె అన్నయ్య, గుమాస్తా, కబురంపితే వచ్చిన రిటైర్డ్ మేట్రన్. గేటు దాటి ఎవరూ బయటికి పోలేదని వాచ్‌మన్ ఒట్టేసి చెప్పాడు.

"కూర్చోండి," అన్నాడు ఇన్‌స్పెక్టర్.

ముగ్గురు కూర్చున్నారు. అన్నయ్య నిలబడే ఉన్నాడు. "నడుం నొప్పి సార్. ముప్పై ఏళ్ళు బస్సు నడిపాను."

"ఏం జరిగింది?"

గుమాస్తా గొంతు సవరించుకున్నాడు. "ఈమె చేరింది జూన్‌లో. రెండు రోజులు జూన్ కట్టంతా జల్లెడ పట్టాను. లేదు. ఇవాళ 10:50కి మేట్రన్ గారొచ్చి అసలు సంగతి చెప్పారు."

"ఇక్కడ ఫైళ్ళు చేరిన నెలని బట్టి కట్టరు. దరఖాస్తు పెట్టిన నెలని బట్టి కడతారు," అంది మేట్రన్.

"ఏ నెలలో పెట్టారు?"

"నేను ఉద్యోగంలో చేరేసరికి ఈ పిల్ల పదో క్లాసు. నాకెలా తెలుస్తుంది?"

"నాకూ తెలీదు," అంది నర్సు. అన్నయ్య తల అడ్డంగా ఊపాడు.

"సరే, ఆ ఏడాది కట్టలన్నీ విప్పి చూద్దాం, ముందు టీ తాగుదాం అన్నాను," అన్నాడు గుమాస్తా. "11:05. వరండాలో టీ. ఒకరు బాత్రూమ్‌కి, ఒకరు ఫోన్ మాట్లాడ్డానికి, అటూ ఇటూ తిరిగాం. 11:20కి వస్తే ఒక కట్ట విప్పి ఉంది. అందులో వరస నంబర్లలో ఒక ఫైలు లేదు."

"ఆ టీయే కొంప ముంచింది," అన్నాడు ఇన్‌స్పెక్టర్. "మీరు ఇంతకుముందు ఇక్కడికి వచ్చారా?"

"ఇవాళే మొదటిసారి సార్," అన్నాడు అన్నయ్య. "చెల్లాయిని చేర్చిన రోజు నేను ఇంటి దగ్గరే ఉన్నాను."

గంటసేపు వెతికారు. సంచులు, బీరువాలు, బాత్రూమ్ పైకప్పు. కానిస్టేబుల్ ఇరవై సార్లు తుమ్మాడు. ఫైలు లేదు. ఇన్‌స్పెక్టర్‌కి తల బొప్పి కట్టింది. ఆ విసుగులో మేట్రన్ మీద పడ్డాడు.

"తల్లి బతికుండగా పిల్లల్ని ఇలాంటి చోట వదలడమేంటండీ?"

"బాగా అడిగారు. ఇక్కడున్న నూట పాతిక మందిలో నిజంగా ఎవరూ లేనివాళ్ళు పదిమంది ఉంటే గొప్ప. తక్కినవాళ్ళంతా తండ్రి పోయినవాళ్ళే. తమ ఇంట్లోనే ఉండి పని చెయ్యాలనే యజమానులు పిల్లల్ని గుమ్మం ఎక్కనివ్వరు. పిల్లలుంటే పని లేదు, పని లేకపోతే తిండి లేదు. ఆ తల్లి ఏం చేస్తుంది? పైగా నెలకొకసారే రమ్మనేవాళ్ళం. వస్తే ఏడవకుండా వెళ్ళమనేవాళ్ళం. ఆ మాట నేనే చెప్పేదాన్ని, నా నోరు పడిపోను."

ఇన్‌స్పెక్టర్ బీరువా దగ్గరికి వెళ్ళాడు. ఆ ఏడాదివి పన్నెండు కట్టలు. జూన్ కట్ట గుమాస్తా విప్పింది. మార్చి కట్ట దొంగ విప్పింది. తక్కిన పదింటి మీద వేలు పెడితే గుర్తు పడేంత దుమ్ము. ఏ ముడినీ ఎవరూ ముట్టుకోలేదు.

ఇంతసేపూ ఏది పోయిందో వెతికారు. ఏది ముట్టుకోలేదో ఎవరూ చూడలేదు. 12:50కి ఆయన వెనక్కి తిరిగాడు.

"పదిహేను నిమిషాల్లో దొంగ వెతకలేదు. తిన్నగా మార్చి దగ్గరికి వెళ్ళాడు. అంటే దరఖాస్తు మార్చిలో పెట్టారని తెలిసినవాడు. గుమాస్తాకి తెలిస్తే రెండు రోజులు జూన్‌లో తవ్వడు. మేట్రన్ గారు అప్పటికి లేరు. ఈమెకి నాలుగేళ్ళు. పదేళ్ళవాడికి మాత్రం గుర్తుంటుంది, తల్లి వెంట వచ్చి ఉంటే. ఏం డ్రైవర్ గారూ? నొప్పి నడుముకా, నడుముకి దోపిన ఫైలుకా?"

అన్నయ్య చొక్కా వెనక నుంచి ఫైలు తీసి బల్ల మీద పెట్టాడు.

"అమ్మ ఇద్దర్నీ తీసుకొచ్చింది," అన్నాడు. "ఒక ఇంట్లో వంటపని కుదిరింది. రాత్రీ పగలూ అక్కడే ఉండాలి, పిల్లలు కుదరదన్నారు. ఇక్కడ ఇద్దర్నీ చేర్చుకుంటామన్నారు. డాక్టర్ చూడ్డమే తరువాయి. నాకు భయమేసింది. కిందపడి కాళ్ళూ చేతులూ కొట్టుకున్నాను, ఫిట్స్ వచ్చినట్టు."

"ఫిట్స్ ఉన్న పిల్లల్ని తీసుకునేవారు కాదు," అంది మేట్రన్ నెమ్మదిగా.

"నా మూలంగా ఆ పని పోయింది. అమ్మ లాండ్రీలో రెండు షిఫ్టులు చేసింది. నేనైతే గదిలో ఒక్కణ్ణీ ఉండగలను. నాలుగేళ్ళ పిల్లని లోపల పెట్టి తాళం వెయ్యలేం కదా. మూడు నెలలు ఎలాగో లాక్కొచ్చి, జూన్‌లో చెల్లాయిని..."

"అమ్మకి తెలుసా?" అంది నర్సు.

"ఆ రోజే చెప్పేశాను. నీకు చెప్పొద్దని కాళ్ళు పట్టుకున్నాను. చచ్చేదాకా చెప్పలేదు."

నర్సు లేచింది. "అమ్మ పదకొండు రోజులు మంచంలో ఉంది. రమ్మని రెండుసార్లు కబురు పంపావు. ముక్కూ మొహం తెలియని వాళ్ళ పక్కన రాత్రంతా కూర్చునేదాన్ని, కన్నతల్లి దగ్గరికి రాలేదు. ఈ ఒక్క ముక్క చెప్పి ఉంటే పరిగెత్తుకొచ్చేదాన్ని కదా అన్నయ్యా! ఇప్పుడు నేనెవరితో మాట్లాడను?"

ఇన్‌స్పెక్టర్‌కి తెలిసిన సెక్షన్లలో దీనికి పనికొచ్చేది ఒక్కటీ లేదు. ఆయనకి ఒళ్ళు మండిపోయింది.

"చదువు," అంది నర్సు. "నువ్వే చదువు. పైకి."

అన్నయ్య ఫైలు విప్పాడు. డాక్టర్ రాసింది చదివాడు. 'మూర్ఛ నటనలా ఉన్నది. అయినను సందేహముండగా చేర్చుకొనుట కుదరదు.' తల్లి చెప్పగా అప్పటి గుమాస్తా ఎవరో రాసిన దరఖాస్తు తీశాడు. మొదటి మాట దగ్గరే ఆగాడు. మళ్ళీ మొదలెట్టాడు.

"'నా పిల్లలిద్దరినీ ఒకే గదిలో ఉంచవలెనని ప్రార్థన. చిన్నది అన్న చెయ్యి పట్టుకొననిదే నిద్రపోదు.'"

నర్సు అన్నయ్య చేతిలోంచి ఆ కాగితం తీసుకుంది.

"నిజమే," అంది. "చాలా రోజులు నిద్రపోలేదు."