చుక్కల వెనక పదమూడు మంది

మంగళవారం పొద్దున గల్ఫ్‌లోని ఒక లేబర్ క్యాంపులో హనుమండ్లు మూడో అంతస్తు నుంచి పడి చనిపోయాడు. పడలేదు, తోసేశారు. జగిత్యాల పక్క పల్లె నుంచి తాపీ పనికి పోయిన ఆ మనిషి, అక్కడి ఆయుధాల ముఠా కబుర్లను మూడేళ్లుగా మన నిఘా డిపార్ట్‌మెంట్‌కు చేరవేస్తున్నాడు.

బుధవారం కరీంనగర్‌లో, వెండి తీగ పని చేసే దుకాణం పైగదికి ఏజెంట్ సదానందాన్ని చీఫ్ రమ పిలిపించింది.

"అసొంటోళ్లు ఇంక పదమూడు మంది ఉన్నరు. వాళ్ల పేర్లు మన పోర్టల్‌ల తప్ప యాడ లేవు. లీక్ ఎవడో పట్టు. నీదే మిషన్."

పట్టాల్సిన మనిషి మేడం ఎదుటే కూర్చుని ఉన్నాడు.

"మేడం... నేనే."

"చెప్పు," అంది రమ.

వేములవాడలో నెట్ సెంటర్ నడపడం సదానందం పైకి చూపించే పని. ఆదివారం సిస్టమ్‌లన్నీ భక్తులతో నిండి ఉన్నప్పుడు హర్షిణి వచ్చింది. నల్ల కళ్లద్దాలు, పట్టుచీర, చూసినవాడు మళ్లీ చూసే నవ్వు. మన ఏజెంటే అని అందరూ నమ్మిన మనిషి. "అన్నా, రాజన్నకు కోడె కట్టే మొక్కున్నది. టికెట్ బుక్ చేసుకుంట, జర నీ లాప్‌టాప్ ఇయ్యి," అంది. శివుడి గుడి చుట్టూ కోడెను తిప్పి కట్టేసే మొక్కుకు వేములవాడలో అడ్డం చెప్పేదెవరు? మన సదానందం గారు తెరిచిన లాప్‌టాప్ చేతికిచ్చి, మర్యాదకు చాయ్ తేవడానికి కూడా వెళ్లారు!

"పాస్‌వర్డ్ చెప్పినవా?"

"లేదు మేడం. బ్రౌజర్‌ల సేవ్ చేసిన."

"అది తాళమేసి దాస్తది గదా?"

"దాస్తది. ఫైల్ ఎత్తుకపోయినా చదవరాదు, దాని తాళంచెవి లాప్‌టాప్ లాగిన్ తోని ముడివడి ఉంటది. పాస్‌వర్డ్ కండ్ల జూడాలన్నా మళ్ల పిన్ అడుగుతది. కాని తెరిచిన లాప్‌టాప్ ముంగట ఎవలు కూసున్నా నేనే అనుకుంటది. పోర్టల్ తెరిస్తే సుక్కలు సుక్కలుగ అదే నింపుతది. ఆమె నొక్కుడే తక్కువ."

ఆమె ఒక్క హనుమండ్లు పేరు చదివేసరికి అతను చాయ్‌తో తిరిగొచ్చాడు. రెండు నిమిషాలు ముందొచ్చి ఉంటే హనుమండ్లు బతికేవాడు కదా అని మనసు పీకుతూనే ఉంది.

"ఇప్పుడే పాస్‌వర్డ్ మారుస్త మేడం."

"వద్దు. మారిస్తే పారిపోతది, ఆమె ఎనకున్నోడు దొరకడు. మళ్ల వస్తదా?"

"రేపొస్తనన్నది. మొక్కు తీరలేదట."

"రానీ. పోయినసారి ఒక్క పేరే దొరికింది, అందుకే ఈసారి పేర్లన్ని వీడియో కాల్‌ల ఆ ఎనకున్నోనికి చూపిస్తది. కాల్ కలవంగనే నువ్వు 'చక్కెర లేకుంట' అని కోడ్ మాట చెప్పు, నేను సర్వర్‌ల పాస్‌వర్డ్ మారుస్త. బ్రౌజర్‌కు ఆ సంగతి తెల్వదు. పాతదే నింపుతది."

గురువారం పదకొండు గంటలు. హర్షిణి ఫోన్‌ను స్క్రీన్ వైపు తిప్పి నిలబెట్టింది. అందులో ఎవడిదో పరాయి యాస. "అన్నా, చాయ్ తేవా?" అని నవ్వింది.

పక్క హోటల్ ముందు నిలబడి సదానందం చొక్కా గుండీలోని మైక్ దగ్గరికి తల వంచాడు. "రెండు చాయ్. ఒకటి చక్కెర లేకుంట."

సరిగ్గా అప్పుడే డప్పులతో ఒక మొక్కుబడి గుంపు వీధిలోకి వచ్చింది.

"ఏంది? ఇనొస్తలే!" చెవిలో రమ గొంతు.

నెట్ సెంటర్ అద్దంలోంచి చూశాడు. పోర్టల్ తెరుచుకుంది. చుక్కలు నిండాయి. హర్షిణి వేలు లేచింది. పదమూడు మంది!

"చక్కెర లేకుంటా!" అని గొంతు చించుకుని అరిచాడు. వీధంతా తిరిగి చూసింది.

వేలు పడింది. 'పాస్‌వర్డ్ తప్పు.'

మళ్లీ నొక్కింది. మళ్లీ తప్పు. ఆమె లేచేలోపు, బయట భక్తుల వేషంలో కోడె పగ్గం పట్టుకుని నిలబడ్డ ఇద్దరు కానిస్టేబుళ్లు లోపలికొచ్చి చేతులు పట్టుకున్నారు. కాల్ జాడ పట్టిన పోలీసులకు, బస్టాండ్ ఎదుటి లాడ్జిలో కాల్ చూస్తున్న విదేశీయుడూ అదే నిమిషంలో దొరికాడు.

మధ్యాహ్నం సదానందం బ్రౌజర్‌లో దాచిన పాస్‌వర్డ్‌లన్నీ చెరిపేశాడు. సాయంత్రం హనుమండ్లు ఇంటికి పోయాడు. భార్య బాలలక్ష్మి కుర్చీ వేసి, "కాలు జారిందట గద సారూ?" అని అడిగింది.

"అవునమ్మా," అన్నాడు. ఆ ఒక్క మాట అనడానికి అతనికి చచ్చినంత పనైంది. తలెత్తి ఆమె ముఖం చూడలేకపోయాడు.

వాకిట్లోకి రాగానే రమ ఫోన్. "పదమూడు మంది భద్రం. నీ సస్పెన్షన్ ఆర్డర్ స్టాఫ్ సైట్‌ల పెట్టిన. లాగిన్ అయి తీసుకో."



"మేడం, కాగితం మీదనే పంపుండ్రి. ఆ పాస్‌వర్డ్ బ్రౌజర్‌కు తప్ప నాకెన్నడు తెల్వదు."