తుమ్ముకి ఆగిన జార్జియా గైడు

"జార్జియా అంటే అమెరికాలోది కాదు," అన్నాడు చీఫ్ సన్యాసిరాజు, ప్రొజెక్టర్ స్విచ్ నొక్కుతూ. "రష్యా పక్కన ఉన్న దేశం. కాకసస్ పర్వతాలు, పాత కోటలు, రాణుల చరిత్ర. మన వైజాగ్‌లో దాని పేరు విన్నవాళ్ళు తక్కువ. అందుకే శత్రువులు దాన్ని ఎంచుకున్నారు."

1998. గోపాలపట్నంలో ఒక టైపు ఇన్‌స్టిట్యూట్ మేడమీద బ్రీఫింగ్ జరుగుతోంది. గోడమీద ద్వారకా నగర్‌లోని ఒక ట్రావెల్ ఏజెన్సీ బొమ్మ వెలిగింది.

"జార్జియాకి గ్రూప్ టూర్ అని ప్రకటన ఇచ్చారు. టూరంతా ఒట్టి ముసుగు. మన సబ్‌మెరైన్లు హార్బర్‌లోకి వచ్చే దారి మ్యాపు మైక్రోఫిల్మ్ అయింది. ముఠా లోకల్ బాస్ దొరబాబు దాన్ని జార్జియా నుంచి వచ్చే గైడు చేతికే ఇస్తాడు. ఆ గైడు గియోర్గి ప్రస్తుతం ఢిల్లీలో మన అతిథి."

"అంటే గియోర్గిని నేను," అన్నాడు ఏజెంట్ ఉమామహేష్.

"నువ్వే. ఫిల్మ్ మాత్రం చేతికి రావాలి. కాలిపోతే కేసు లేదు, వాడు మళ్ళీ ఇంకోటి తీస్తాడు. ఏజెన్సీ మేనేజర్ జ్యోతిర్మయిని వాళ్ళు తమ మనిషే అనుకుంటున్నారు. ఆమె మన మనిషి. నీవల్ల పొరపాటు జరిగితే ముందు పోయేది ఆమె ప్రాణం."

ఉమామహేష్ చిన్నగా నవ్వాడు. పొరపాట్లు ఇతరులు చేసేవని అతని గట్టి నమ్మకం. పుట్టుకతో తేనెరంగు కళ్ళు, ఎండకి కందిపోయే తెల్లటి ఒళ్ళు. చిన్నప్పుడు జాలరిపేటలో అందరూ "దొర" అని ఏడిపించేవారు. ఇప్పుడు గడ్డం అతికించి, ఉన్ని కోటు తొడిగితే దొరే అయిపోయాడు. వైజాగ్ ఉక్కలో ఆ కోటు వేసుకోవడమే అసలైన దేశసేవ.

మర్నాడు ఏజెన్సీలో టూరు ప్లానింగ్ మీటింగ్. నీలం షిఫాన్ చీరలో జ్యోతిర్మయి మ్యాపు పట్టుకుంటే, ఉమామహేష్ విరిగిన ఇంగ్లీషులో మంచుకొండలనీ, కొండ అంచున కట్టిన మఠాలనీ వర్ణించాడు. ఆమె తెలుగులో చెబుతోంది. వచ్చినవాళ్ళంతా రిటైరైన ఉద్యోగులూ, వాళ్ళ భార్యలూ.

"అంత సలిలో ఇడ్లీ పిండి పులుత్తాదేటమ్మా?" అని అడిగింది ముందు వరుసలో సూర్యకాంతమ్మ. బొబ్బిలి వైపు రైతు కుటుంబం ఆవిడది. విమానం ఎక్కడం ఇదే మొదలు.

వెనక కుర్చీలోంచి దొరబాబు లేచాడు. కుడిచేతి మీద మడిచిన పేపరు కప్పి ఉంది. దగ్గరికొచ్చి మెల్లగా ఇంగ్లీషులో అడిగాడు. "కొండమీద మంచు కరిగిందా?"

"ద్రాక్ష కోతలకి కరుగుతుంది," అన్నాడు ఉమామహేష్. కోడ్ కలిసింది.

"అయితే బయటికి రా. సరుకు ఇస్తాను."

ఇద్దరూ గుమ్మం దాకా వచ్చారు. ఉమామహేష్ కుడికాలు గడప మీదికి లేచింది. సరిగ్గా అప్పుడు సూర్యకాంతమ్మ తుమ్మింది.

ఒంటి తుమ్ము.

అతని కాలు దానంతటదే వెనక్కి వచ్చింది. ఒళ్ళు వెళ్ళి పక్క కుర్చీలో కూర్చుంది. కళ్ళు మంచినీళ్ళ కోసం వెతికాయి. చేపల వేటకి బయల్దేరేటప్పుడు ఎవరైనా తుమ్మితే తండ్రి పైడయ్య అలాగే కూర్చునేవాడు. ఏళ్ళ ట్రైనింగ్‌లో ఈ ఒక్క అలవాటు వదిలించాలని ఎవరికీ తట్టలేదు.

దొరబాబు పెదవులు నవ్వాయి. "జ్యోతిర్మయీ, జార్జియావోళ్ళు కూడా తుమ్మితే ఆగుతారేటి?" పేపరు కింద పిస్టల్ మొన ఆమె వైపు తిరిగింది.

ఉమామహేష్ మొహం సిగ్గుతో మండిపోయింది. జ్యోతిర్మయి మాత్రం తడుముకోలేదు. "నేనే నేర్పానండీ! మన పద్ధతులు తెలిసిన గైడంటే కస్టమర్లు ఇష్టపడతారు కదా."

"సూడండమ్మా," అంది సూర్యకాంతమ్మ ముచ్చటపడి, "పరాయి దేశపోడు, ఎంత బుద్ధిగా నేర్సుకున్నాడో! నీళ్ళియ్యండి పాపం."

జ్యోతిర్మయి నీళ్ళకి కదిలింది. దొరబాబుకి ఇంకా నమ్మకం కుదరలేదు. తెలుగు అర్థమవుతుందేమో చూడాలని ఉమామహేష్ మీదికి వంగి, మెచ్చుకుంటున్నట్టు తియ్యగా అన్నాడు. "మీ యమ్మ రోడ్డుమీద సేపలమ్ముతాది కదూ? ఆ కంపు ఇక్కడిదాకా కొడతంది."

వాడు గాలిలోకి విసిరిన రాయే. కానీ అది నిజం. తల్లి గంగాలమ్మ కంచరపాలెం మెట్టు దగ్గర చేపలమ్ముతుంది. తన కళ్ళలో రెప్పపాటు మార్పు కనబడితే జ్యోతిర్మయి ప్రాణం పోతుంది. ఉమామహేష్ ఏమీ అర్థం కానట్టు నవ్వాడు, పళ్ళన్నీ బయటపెట్టి. "యస్, యస్! వెరీ గుడ్!" అన్నాడు. ఆ నవ్వు ఎంత సులువుగా వచ్చిందో తల్చుకుని లోపల చచ్చిపోయాడు. ఒకప్పుడు స్నేహితుల ముందు ఆ తల్లిని చూసి, ఎవరో అన్నట్టు రోడ్డు దాటి వెళ్ళిపోయిన కుర్రాడు తనే. ఆ కుర్రాడి నవ్వే అది.

దొరబాబు తేలికపడ్డాడు. జేబులోంచి వెండి లైటర్ తీసి అందించబోయాడు. ఫిల్మ్ అందులోనే, వత్తి పక్కనే చుట్టి ఉంది. అంతలో కింద వీధిలో జీపు బ్రేకు కీచుమంది, బూట్లు మెట్లెక్కుతున్నాయి. చీఫ్ మనుషులు తొందరపడ్డారు. దొరబాబు మొహం మారింది. బొటనవేలు లైటర్ని నొక్కింది, మంట లేచింది, ఫిల్మ్ అంచు ముడుచుకుంది.

జ్యోతిర్మయి చేతిలోని గ్లాసెడు నీళ్ళూ దానిమీద పడ్డాయి.

ఉమామహేష్ పిస్టల్ ఉన్న చేతిని మెలిపెట్టాడు. గుండు పైకప్పులోకి పోయింది. ఫిల్మ్ అంచు తప్ప అంతా భద్రంగా ఉంది.

"ఆ నవ్వు అద్భుతం," అంది జ్యోతిర్మయి తర్వాత, ఖాళీ గ్లాసు బల్లమీద పెడుతూ. "నాకే నిజమనిపించింది." ఉమామహేష్ ఆమె కళ్ళలోకి చూడలేకపోయాడు.

మర్నాడు పొద్దున్న కంచరపాలెం మెట్టు దగ్గరికి వెళ్ళి, తల్లి పక్కన నేలమీద కూర్చున్నాడు.

"ఏట్రా, మొగం అలాగుంది?" అంది గంగాలమ్మ, వంజరానికి పొలుసు తీస్తూ.

"అమ్మా, నిన్న ఒకడు నిన్ను తిట్టేడు. నాను నవ్వి ఊరుకున్నాను."

"ఏటని తిట్టేడు?"

అతను చేపల బుట్ట మీది తడిగోనె సర్దాడు. "రోడ్డుమీద సేపలమ్ముతావని."

గంగాలమ్మ కత్తి ఆగింది. ముందున్న చేపలకేసీ, కొడుకుకేసీ చూసింది.

"అమ్ముతాను కదేట్రా," అంది నెమ్మదిగా. "అది తిట్టని నీకెవుడు సెప్పేడు?"

ఢిల్లీ నుంచి అభినందనల ఫ్యాక్సు ఆ సాయంత్రమే వచ్చింది. ఆపరేషన్‌లో మనవైపు ఎవరికీ చిన్న గాయమైనా కాలేదట.