దక్షిణపు వాలు

లోయ గడ్డి కొండమీద ఒక్క చలికాలం కూడా నిలవదని దుర్మితోర్ పర్వతం మీది ఊళ్ళలో గట్టి నమ్మకం. లోయ కోడలూ అంతేనన్నది ఆ నమ్మకానికి తోక.

నెదా కనిపించేదాకా వుకాన్‌కు ఆ మాటతో పేచీ లేదు. ఏ గడ్డి ఎంత ఎత్తుకు ఎక్కుతుందో, ఎందుకు ఆగిపోతుందో తెలుసుకునే పనిమీద ఆమె కింద లోయలోని జేటా మైదానం నుంచి వచ్చింది. అతడు పచ్చికలో కొడవలి ఎత్తగానే పరుగున వచ్చి అడ్డం నిలిచింది.

"ఆగండి! అది నా గడ్డి!"

"మా తాతల నాటి బీడండీ ఇది. మీదెప్పుడయింది?"

"నిన్న. కొలవడానికి చుట్టూ దారం కట్టాను, కనబడలేదా?"

"సాలెగూడనుకున్నా."

ఆమె నవ్వాపుకోబోయింది, కుదరలేదు. ఆ దారం దరిదాపుల్లో వుకాన్‌కు రోజూ ఏదో ఒక పని తగలసాగింది. కోతలు ముగిసేసరికి 'మీరు' కాస్తా 'నువ్వు' అయింది.

అతణ్ణి పెంచినది నానమ్మ స్తానా. ఆమె కాదంటే ఆ ఇంట పెళ్ళి లేదు. ఎండ పడే దక్షిణపు గది ఆమెది. పిల్లిని కూడా అందులోకి రానివ్వదు. ఆ గుమ్మంలోనే ఇద్దరినీ నిలబెట్టింది.

"అమ్మాయ్, నువ్వు మంచిదానివే. కానీ లోయ గడ్డివి."

"నిలవదని ఎవరైనా విత్తి చూశారా, మామ్మగారూ?"

"చచ్చేదాన్ని ఎవరు విత్తుతారే!"

"నేను విత్తుతాను. బతికితే?"

"బతకనీ. అప్పుడు చూద్దాం."

ఒకే ఎత్తున రెండు చోట్లు ఎంచింది నెదా: ఒకటి ఉత్తరపు వాలున, ఒకటి దక్షిణపు వాలున. వుకాన్ ఆమె మోచెయ్యి పట్టుకున్నాడు.

"ఉత్తరం వదిలెయ్. ఎండ వైపే చల్లుదాం. ఎవరు చూస్తారు?"

"నేను చూస్తాను. గెలిచే చోటే చల్లితే పరీక్షెలా అవుతుంది?"

"పోతేనో?"

"పోయిందని నేనే చెబుతాను."

"నేనూ పోతాను కదే!"

ఆమె గుప్పెడు విత్తనాలు అతని దోసిట్లో పోసి, "గాలి తిరగకముందే చల్లు" అంది.

మంచు పడకముందే రెండు చోట్లా మొలకలు లేచాయి. చలికాలం వాటిని కప్పేసింది.

మంచు కరిగి ఎండలు ముదిరాక ముగ్గురూ కలిసి వెళ్ళారు. ఉత్తరపు వాలున కొండ గడ్డి తప్ప మరేమీ లేదు. వుకాన్ తలెత్తలేదు.

"ఇక్కడ చచ్చింది, మామ్మగారూ" అంది నెదా.

దక్షిణపు వాలున లోయ గడ్డి మోకాలెత్తు పెరిగి వెన్ను తీస్తోంది. నానమ్మ కూలబడి ఒక దుబ్బును రెండు చేతులా లాగింది. అది రాలేదు.

"ఇదీ అదే ఎత్తేనా?"

"అదే ఎత్తు. ఇక్కడ ఎండ ఎక్కువ, మంచు ముందే కరుగుతుంది."

"అంటే కొండ తప్పు కాదు, చోటు తప్పు."

"రెండూను, మామ్మగారూ. ఇంకా పైకెళితే ఎండ వైపున కూడా బతక్కపోవచ్చు."

"గెలిచాక కూడా వాదిస్తుందేమిట్రా ఇది!" అని నానమ్మ మనవడి భుజం పట్టుకొని లేచింది. "పద. నా మంచం బరువెక్కువ, ఒక్కడివి మొయ్యలేవు."

పెళ్ళి గడ్డికోతల తరువాత జరిగింది. దక్షిణపు గది కొత్త దంపతులకు వచ్చింది. నానమ్మ మంచం ఉత్తరపు గదికి మారింది.